గోడ విప్పకుండా నీటి జాడ పట్టే పనితనం

అమెరికాలో ఇల్లు కొనబోయే మనవాళ్లు బేరం మీద, వడ్డీ శాతం మీద, స్కూలు రేటింగు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఇన్‌స్పెక్షన్ మీద పెట్టరు. రియల్టర్ ఇచ్చిన జాబితాలో మొదటి పేరుకు ఫోను చేసి, రిపోర్టు వచ్చాక పై రెండు పేజీలు తిరగేసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఆ పని చేసే మనిషి వెంట ఒక పూట నడిస్తే ఈ అలవాటు మారుతుందని నా నమ్మకం. ముఖ్యంగా గోడల వెనక దాగిన చెమ్మను అతను వెతికే తీరు చూడాలి. ఇల్లు ఇంకా అమ్మేవాళ్లదే. గోడకు చిల్లు పెట్టకూడదు, బరువైన సామాను జరపకూడదు, దేన్నీ ఊడదీయకూడదు. చేతిలో ఉన్నది మూడు నాలుగు గంటలు. అంతలో ఆ ఇంట్లో నీరు ఎక్కడ దారి తప్పిందో చెప్పాలి. లేని చెమ్మను ఉందంటే అమ్మేవాళ్లకు అన్యాయం. ఉన్నదాన్ని పట్టుకోలేకపోతే కొన్నవాళ్ల ముప్ఫయ్యేళ్ల అప్పు పుచ్చిన చెక్క మీద నిలబడుతుంది.

నేను చూసిందంతా టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ప్రాస్పర్ ప్రాంతంలో. ఇక్కడ ఏ కొత్త కాలనీలో నడిచినా తెలుగు మాట వినిపిస్తుంది. టెక్సస్‌లో ఇంటి ఒప్పందంలో ఆప్షన్ పీరియడ్ అని ఒక గడువు రాసుకుంటారు, మామూలుగా వారం పది రోజులు. అమ్మేవాళ్లకు కొద్ది మొత్తం కట్టి ఆ గడువు తీసుకుంటాం. ఆ లోపల ఏ కారణమూ చెప్పకుండా ఒప్పందం వదులుకోవచ్చు. ఇన్‌స్పెక్షన్ జరగాల్సింది ఆ రోజుల్లోనే. చేసే మనిషికి టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. వృత్తి మరీ పాతదేం కాదు. అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్ పుట్టింది 1976లో. 1984లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు, పూడిక మట్టి మీద కట్టగా నేల జారి దెబ్బతిన్న ఒక ఇంటి విషయంలో, ఇంటిని కళ్లతో పరీక్షించి లోపాలు చెప్పాల్సిన బాధ్యత బ్రోకర్‌కూ ఉందని తేల్చింది. అలాంటి తీర్పుల తరవాత కొనేవాళ్లకు ఇన్‌స్పెక్షన్ చేయించుకోమని బ్రోకర్లే గట్టిగా చెప్పడం మొదలైంది.

ఈ పనితనం అర్థం కావాలంటే ముందు గోడ తెలియాలి. మన ఊళ్లో ఇటుక గోడ అంటే గోడంతా ఇటుకే. నేల చెమ్మ ఎగబాకితే అడుగున సున్నం ఉబ్బుతుంది, తెల్లగా ఉప్పు తేలుతుంది, పెచ్చులు ఊడతాయి. ఇల్లు ఉరిస్తే రెండు వానలు తిరక్కుండానే స్లాబు కింద మరక కనబడుతుంది. డాలస్ ఇళ్లు కూడా బయటికి ఇటుక ఇళ్లలాగే కనిపిస్తాయి గాని ఆ ఇటుక ఇంటి బరువు మోయదు. అది పై తొడుగు. దాని వెనక అంగుళం ఖాళీ, ఆ వెనక నీరు చొరకుండా చుట్టిన పొర, తరవాత చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన ఓఎస్‌బీ పలక, ఆపైన చెక్క నిలువులు, వాటి మధ్య ఇన్సులేషన్, చివరికి మనకు కనిపించే షీట్‌రాక్. షీట్‌రాక్ అంటే రెండు కాగితాల నడుమ జిప్సం. ఆ కాగితం బూజుకు తిండి. ఇటుక దాటి వచ్చిన నీరు ఈ పొరల మధ్య నెలలూ ఏళ్లూ ఉండిపోగలదు. లోపలి రంగు మీద మరక తేలేది అన్నిటికన్నా చివర.

బాపట్ల నుంచి అమ్మాయి దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన, కొనబోతున్న ఇంటి గోడను వేలితో కొట్టి, ఆ డొల్ల చప్పుడు విని, "దీని లోపల ఏముందో పగలగొట్టకుండా ఎట్లా తెలుస్తుంది అల్లుడుగారూ?" అని అడిగారు. "అందుకేగా ఈయన్ని పిలిచింది మావయ్యగారూ" అన్నాడు ఆ కుర్రాడు. ఆ పూటంతా పెద్దాయన ఇన్‌స్పెక్టర్ వెనకే తిరిగారు. వాళ్లు పిలిస్తే వెళ్లిన నేనూ తిరిగాను.

ఆ ఇన్‌స్పెక్టర్ లైసెన్సు తీసుకోకముందు చాలాకాలం ఇళ్లకు చెక్క ఫ్రేములు ఎత్తిన వడ్రంగి. పనివాడి చెయ్యి ఎక్కడ తొందరపడుతుందో ఆయనకు తెలుసు. వస్తూనే అందర్నీ బయట ఉండమని, తానొక్కడే లోపలికి వెళ్లి తలుపు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. వాసన కోసం. ముక్కు కొద్ది నిమిషాల్లోనే ఇంటి వాసనకు అలవాటు పడిపోతుంది. తలుపులన్నీ తెరిచి పదిమంది తిరిగాక ఇక ఆ నెమ్ము వాసన దొరకదు. ఏ గదిలో అత్తరు వాసన చిమ్మే ప్లగ్గులు పెట్టారో, ఏ మూల ఫ్యాను తిరుగుతోందో, ఎక్కడ కొత్త రంగు వాసన వస్తోందో కాగితం మీద రాసుకున్నాడు. ఏదీ నేరం కాదు. అమ్మే ఇంటిని ఎవరైనా ముస్తాబు చేస్తారు. అయినా ఒకే గోడకు కొత్త రంగు పడిందంటే ఆ గోడ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

తరవాత బయటికొచ్చి ఇంటి చుట్టూ నడిచాడు. మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఈ భాగం. చెమ్మ ఇంట్లో కనిపించినా దాని కథ మొదలయ్యేది బయటే. మొదట నేల వాలు. గోడ నుంచి 10 అడుగుల దూరంలో నేల కనీసం 6 అంగుళాలు దిగాలని ఇళ్ల నిర్మాణ కోడ్ చెబుతుంది. మనవాళ్లు చేతిలో దిక్సూచి పట్టుకుని తూర్పు ముఖమా, ఈశాన్యం పల్లంగా ఉందా అని చూస్తారు. పెద్దలు నీటి దారి గురించి ఆలోచించే ఆ మాట చెప్పి ఉంటారని నాకు అనిపిస్తుంది. ఇక్కడి నేలలో మాత్రం నాలుగు వైపులా నీరు ఇంటికి దూరంగానే పోవాలి. డాలస్ చుట్టుపక్కలది నల్లరేగడి లాంటి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఒక పక్క నీరు నిలిచి ఇంకో పక్క ఎండిపోతే పైనున్న కాంక్రీటు పలక వంగుతుంది, వంగిన చోట టైళ్లు, పైపు అతుకులు విడతాయి, అక్కడినుంచి ఇంకో చెమ్మ మొదలవుతుంది. ఇంటి ముందు పచ్చిక తడిపే స్ప్రింక్లర్ తలను ఆయన కాలితో చూపించాడు. అది గోడ వైపు తిరిగి ఉంది. ఇటుక మీద తెల్లటి చారలు ఆ సంగతి ముందే చెబుతున్నాయి.

ఇటుక గోడ అడుగు వరసలో అక్కడక్కడ సిమెంటు లేకుండా వదిలిన నిలువు సందులు ఉంటాయి. వీప్ హోల్స్ అంటారు. ఒకదానికీ ఇంకోదానికీ దూరం 33 అంగుళాలు మించకూడదని కోడ్. ఇటుక నీరు పీలుస్తుంది, గట్టి వాన గాలికి కొడితే వెనక ఖాళీలోకి నీరు దిగుతుంది. దిగిన నీరు బయటికి పోయే తూములు ఈ సందులే. పురుగులు దూరుతున్నాయని కొందరు వీటికి కాకింగ్, అంటే సందులు మూసే జిగురు, పూసేస్తారు. ఇంకొందరు పూలమొక్కల కోసం మట్టి, చెక్కపొట్టు పోస్తూ పోస్తూ వాటిని పూడ్చేస్తారు. మట్టికీ ఇటుక అడుగుకూ మధ్య 4 అంగుళాలైనా పునాది కనిపించాలి. ఆ ఇంటి వెనక వైపు గులాబీల పాదు వీప్ హోల్స్ దాకా వచ్చేసింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో పొట్టు తప్పించి, ఫొటో తీసి, మళ్లీ పొట్టు ఎలా ఉందో అలాగే సర్దాడు. తీసింది మళ్లీ సర్దిపెట్టిన ఆ మర్యాద నాకు బాగా గుర్తుంది.

ఇంకో వివరం మనవాళ్లంతా తెలుసుకోవాలి. టెక్సస్ ఇళ్లలో ఏసీ యంత్రం తరచుగా అటిక్‌లో, అంటే ఇంటి కప్పు కింది ఖాళీలో ఉంటుంది. వేసవిలో అది గాలి నుంచి పిండే నీరు రోజుకు బకెట్ల కొద్దీ ఉంటుంది. ఆ నీరు పోయే గొట్టం నాచు పట్టి మూసుకుపోతే ఇంటి కప్పు తడుస్తుంది. అందుకని యంత్రం కింద ఒక పళ్లెం, దానికి రెండో గొట్టం పెడతారు. ఆ రెండో గొట్టం చివర ఇంట్లోవాళ్ల కంటబడే చోట బయటికి రావాలని నియమం. సాధారణంగా ఒక కిటికీ పైన పొడుచుకొచ్చి ఉంటుంది. అందులోంచి నీళ్లు కారుతున్నాయంటే పైన అసలు గొట్టం మూసుకుపోయిందని అర్థం. ఇంత చక్కని హెచ్చరికను ఇంటింటా అమర్చి పెట్టారు, ఉన్నట్టు తెలిసినవాళ్లే తక్కువ. ఆయన ఆ గొట్టం కింద ఇటుకను వేలితో తడిమి, పొడిగా ఉందని రాసుకున్నాడు.

ఇక ఇంటి తూర్పు వైపు. అక్కడ గరాజ్ కప్పు చూరు పైకి లేచిన రెండో అంతస్తు గోడను ఆనుకుని కిందికి దిగి, గోడ మధ్యలోనే ఆగిపోతుంది. అలాంటి చోట చూరు చివర కిక్‌అవుట్ ఫ్లాషింగ్ అని అరచేతి పాటి రేకు ముక్క ఒకటి వంచి పెట్టాలి. కప్పు మీదనుంచి గోడ వెంట జారివచ్చే నీటిని అది గోడకు తగలకుండా బయటికి, గట్టర్‌లోకి తోస్తుంది. అది లేకపోతే ప్రతి వానకూ ఆ నీరంతా గోడలోకే. ఇక్కడ అది లేదు. దాని బదులు ఎవరో బెత్తెడు మందాన కాకింగ్ పూశారు. ఆయన తలెత్తి కాసేపు చూసి, "ఈ గోడకు లోపలి వైపు ఏ గది వస్తుంది?" అని అడిగాడు. అప్పటికి కెమెరా, మీటరు సంచిలోంచి తీయనే లేదు.

కప్పు, అటిక్ త్వరగానే అయిపోయాయి. పైపులు కప్పును చీల్చుకుని బయటికి వచ్చే చోట ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. టెక్సస్ ఎండకు అది పెంకుల కన్నా చాలా ముందే పగులుతుంది. అటిక్‌లో ఆ పైపు చుట్టూ చెక్క నల్లబడిందా, మేకుల మొనలు తుప్పుపట్టాయా, ఇన్సులేషన్ ఎక్కడైనా అణిగి గడ్డకట్టిందా అని టార్చి వేసి చూశాడు. అంతా బాగుంది.

లోపల టార్చిలైటు వాడిన తీరు చూడాలి. మనం గోడ మీదికి ఎదురుగా వేస్తాం. ఆయన టార్చిని గోడకు దాదాపు ఆనించి, వెలుతురు గోడ వెంట పాకేలా పట్టాడు. అలా పడితే వెంట్రుకవాసి ఎత్తుపల్లాలకు కూడా నీడలు పడతాయి. టెక్సస్ గోడల మీద చిన్న చిన్న పొక్కుల్లా టెక్స్చర్ చిమ్ముతారు. ముక్క కోసి కొత్త షీట్‌రాక్ అతికించిన చోట ఆ టెక్స్చర్‌ను పాతదానితో పూర్తిగా కలపడం చెయ్యి తిరిగిన పనివాడికీ కష్టమే. 2021 ఫిబ్రవరి చలి తుఫానుకు టెక్సస్ అంతటా పైపులు పగిలి వేల ఇళ్లలో కప్పుల నుంచి నీళ్లు దూకాయి. తడిసిన గోడను నేల నుంచి రెండడుగులో నాలుగడుగులో ఎత్తుకు అడ్డంగా కోసి కొత్తది వేయడం మామూలు పద్ధతి. పాకే వెలుతురులో ఆ అడ్డగీత బయటపడుతుంది. గీత ఉంటే చెడ్డ ఇల్లని కాదు. బాగా ఆరబెట్టి మూశారా, తొందరపడి మూశారా అన్నది అసలు ప్రశ్న. తడిసినవాటిని 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజు పట్టే అవకాశం ఉందని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. గీత దొరికితే అడగాల్సింది అమ్మేవాళ్లను, రిపేరు కాగితాలతో సహా.

అల్మరాల లోపల, ముఖ్యంగా షవర్ గోడకు వెనక వైపు వచ్చే అల్మరాలో, ఆయన ఎక్కువసేపు ఉన్నాడు. ఇంటికి రంగులేసేవాళ్లు అక్కడిదాకా రారు. బేస్‌బోర్డు అడుగు ఉబ్బిందా, తలుపు చట్రం కాళ్ల దగ్గర రంగు లేచిందా, కమోడ్ ఊగుతోందా చూశాడు. షవర్ తూము మూసి కొద్ది ఎత్తు నీళ్లు నిలిపి వదిలేసి, మిగతా ఇల్లు చూసి తిరిగొచ్చాక అవతలి గోడ అడుగు తడిమాడు. ఇక్కడ మన ఇళ్ల గురించి ఒక మాట చెప్పాలి. అమెరికా బాత్రూముల్లో టబ్బుకు బయట నేల మీద తూము ఉండదు. బకెట్టు, చెంబుతో స్నానం చేసే మన అలవాటుకు నీళ్లు టబ్బు అంచు దాటి చిందుతాయి, అంచు పగుళ్లలోంచి చెక్క నేలలోకి దిగుతాయి. వంటింట్లో కుక్కరు ఆవిరి, పోపు పొగ బయటికి పోయే గొట్టం కొన్ని ఇళ్లలో అసలు లేదు. పొయ్యి పైనున్న మైక్రోవేవ్ దాన్ని వడపోసి మళ్లీ గదిలోకే ఊదుతుంది. ఒక తెలుగు కుటుంబం నుంచి ఇంకో తెలుగు కుటుంబం ఇల్లు కొనేటప్పుడు ఈ రెండు చోట్లూ ప్రత్యేకంగా చూడమని ఇన్‌స్పెక్టర్‌కు చెప్పడం మంచిది.

ఇప్పుడు తూర్పు గోడ లోపలి వైపు. అది చదువుకునే గది. పుస్తకాల అల్మరా, శుభ్రమైన గోడ, ఎక్కడా మరక లేదు. ఆయన థర్మల్ కెమెరా తీశాడు. పై మూల నుంచి ఏటవాలుగా కిందికి ఒక చల్లటి చార కనిపించింది. మాలో ఒకరు "దొరికింది" అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

కెమెరాకు నీరు కనిపించదు. గోడ పైతలపు వేడి ఒక్కటే కనిపిస్తుంది. తడిసిన చోట నీరు ఆవిరవుతూ గోడను చల్లబరుస్తుంది కనక చల్లటి మచ్చ వస్తుంది. కాని ఏసీ గాలి సూటిగా తగిలే చోటా అలాంటి మచ్చే వస్తుంది. చలికాలంలో ఇన్సులేషన్ లేని చోటు కూడా చల్లగానే కనబడుతుంది. వేసవిలో ఏసీ నడుస్తున్న ఇంట్లో మాత్రం ఇన్సులేషన్ లోపం వేడిగా, తడి చల్లగా కనిపిస్తాయి, అంచేత టెక్సస్ ఎండాకాలం ఈ పనికి అనువైనది. అది జూన్ నెల, ఆ వారం వానలు పడ్డాయి. అయినా ఆయన ముందు ఏసీ ఆపించి, కాసేపు ఆగి మళ్లీ చూశాడు. పడకగదిలో కనిపించిన ఇంకో చల్లటి మచ్చ ఆ కాసేపట్లో మాయమైంది. అది ఏసీ గాలే. చదువు గదిలోని చార కదల్లేదు.

అప్పుడు మీటరు. మొదట సూదుల్లేని మీటరు గోడకు ఆనించాడు. అది విద్యుత్ క్షేత్రంతో ముప్పావు అంగుళం లోతు దాకా తేమ తేడా పసిగడుతుంది. తిన్నగా అనుమానం ఉన్న చోట పెట్టలేదు. ముందు అదే గదిలో పొడిగా ఉందని తెలిసిన గోడ మీద పెట్టి, ఆ అంకెను ఆధారంగా రాసుకున్నాడు. మూలల్లో షీట్‌రాక్ కింద ఉండే లోహపు పట్టీ కూడా మీటరును మోసగిస్తుంది కనక మూలకు దూరంగా జరిగి కొలిచాడు. అంకె అక్కడ ఎగిరింది. తరవాత అమ్మేవాళ్ల ఏజెంటు అనుమతి తీసుకుని, బేస్‌బోర్డు పై అంచున ఎవరికీ కనబడని చోట రెండు సూదుల మీటరు గుచ్చాడు. ఇది చెక్కలో విద్యుత్ నిరోధాన్ని కొలుస్తుంది. పొడి చెక్క విద్యుత్తును ఆపుతుంది, తడి చెక్క పారనిస్తుంది. ఇళ్లలో చెక్క మామూలుగా 6 నుంచి 12 శాతం తేమతో ఉంటుంది. మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీ, 1910 నుంచి చెక్క మీద పరిశోధన చేస్తున్న ప్రభుత్వ సంస్థ, చెక్కను 20 శాతం లోపు ఉంచితే చివకదని చెబుతూ వచ్చింది. 30 దగ్గరకు వస్తే చెక్కను తినే శిలీంధ్రాలకు కావలసినంత నీరు దొరికినట్టే. ఎదుటి గోడ దగ్గర సూదులు 9 చూపించాయి. ఇక్కడ 24.

ఈ క్రమమే నాకు అద్భుతం అనిపించింది. బయట రేకు లేదని చూసి, నీరు ఏ గదిలోకి రావాలో ముందే ఊహించాడు. కెమెరాను ఆ ఊహను పరీక్షించడానికి వాడాడు. కెమెరా ఔనన్నాక దాన్నీ అనుమానించి ఏసీ ఆపాడు. ఒక మీటరును ఇంకో మీటరుతో సరిచూశాడు. ఆపైన మళ్లీ బయటికి వెళ్లి, చూరు చివరకూ చార మొదలైన చోటుకూ ఎత్తు సరిపోయిందా అని టేపుతో కొలిచాడు. సరిపోయాకే రాసుకున్నాడు. థర్మల్ కెమెరా ఉందని ప్రకటించుకునే ఇన్‌స్పెక్టర్లు ఇప్పుడు చాలామంది. నన్నడిగితే కెమెరా బ్రాండు అడక్కండి. చల్లటి మచ్చ కనిపిస్తే తరవాత ఏం చేస్తారో అడగండి. ఆ జవాబులో మనిషి పనితనం తెలిసిపోతుంది.

రిపోర్టు రాయడంలో ఇంకో నేర్పు ఉంది. టెక్సస్‌లో రియల్ ఎస్టేట్ కమిషన్ నిర్ణయించిన నమూనాలోనే రాయాలి. ప్రతి అంశానికీ నాలుగు గళ్లు: ఐ, ఎన్‌ఐ, ఎన్‌పీ, డీ. చూశాను, చూడలేదు, ఇంట్లో లేదు, లోపం ఉంది. ఆయన ఎక్కడా "బూజు" అని రాయలేదు. చూరు గోడను కలిసే చోట కిక్‌అవుట్ లేదు, లోపలి గోడలో తేమ మామూలు కన్నా ఎక్కువ, లోపలి నష్టం గోడ విప్పితే గాని తెలియదు, విప్పి చూసే అర్హులను పిలవండి అని రాశాడు. కొనేవాళ్లకు ఇది కాస్త నిరాశగా ఉంటుంది, ఏదో ఒకటి తేల్చి చెప్పొచ్చుగా అనిపిస్తుంది. కాని టెక్సస్‌లో బూజు నిర్ధారించడానికి వేరే లైసెన్సు కావాలి. 2001లో డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో బూజుపట్టిన ఒక ఇంటి కేసులో జ్యూరీ బీమా సంస్థ మీద 3 కోట్ల 20 లక్షల డాలర్ల దాకా తీర్పు ఇచ్చింది. అప్పీలులో అది బాగా తగ్గినా రాష్ట్రమంతా బూజు భయం పట్టుకుంది. 2003లో శాసనసభ చట్టం చేసింది. బూజును నిర్ధారించేవాళ్లకూ, అది ఒకేచోట 25 చదరపు అడుగులు గాని అంతకు మించి గాని ఉంటే తొలగించేవాళ్లకూ లైసెన్సు ఉండాలి, ఒకే ఇంటికి ఆ రెండు పనులూ ఒకరే చేయకూడదు. భయపెట్టి పని పుట్టించుకునే దారిని ఆ నిబంధన మూసేసింది. మంచి చట్టం.

ఆ చదువు గది గోడ విప్పించాక ఓఎస్‌బీ పలక రెండడుగుల మేర నల్లబడి, వేలు గుచ్చితే దిగేంత మెత్తబడి ఉంది. నిలువుల్లో ఒకటి అడుగున చివికింది. అమ్మేవాళ్లకు నిజంగా తెలియదు, వాళ్లే ముందు కంగారుపడ్డారు. చెక్క మార్పించి, రేకు పెట్టించి ఇచ్చారు. రేకు ఖరీదు కొద్ది డాలర్లు.

నీటిని పూర్తిగా ఆపేద్దామనుకున్న ఇళ్లే బాగా దెబ్బతిన్నాయన్నది అమెరికా నిర్మాణ చరిత్ర చెప్పే సంగతి. 1990ల నడుమ నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో, కృత్రిమ స్టక్కో పూసిన కొత్త ఇళ్ల గోడలు లోపల పుచ్చిపోయినట్టు బయటపడింది. పైపూత నీరు చొరనివ్వదు, నిజమే. కిటికీల అతుకుల్లోంచి దూరిన కాస్త నీటికి మాత్రం బయటికి దారి లేకపోయింది. దాదాపు అదే కాలంలో కెనడాలోని వాంకూవర్‌లో అపార్ట్‌మెంట్లు అలాగే పాడై 1998లో విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. జోసెఫ్ స్టీబ్రెక్ లాంటి భవన శాస్త్ర ఇంజనీర్లు దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే: నీరు వస్తుందని ఒప్పుకుని, దిగిపోవడానికి, ఆరిపోవడానికి దారి వదలండి. పెంకుటింట్లో పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టు గోడలోని ప్రతి పొరా తన కింది పొర మీదికి రావాలి. కిటికీ చుట్టూ పట్టీలు కూడా ముందు అడుగున, తరవాత పక్కలకు, చివర పైన అతికించాలి. ఒక్క పట్టీ వరస తప్పినా నీరు లోపలి వైపు జారుతుంది. ఇటుక వెనక ఇదంతా కనబడదు కనక, కొత్త ఇల్లు కట్టించుకునేవాళ్లు షీట్‌రాక్ బిగించక ముందే ఒకసారి సొంత ఇన్‌స్పెక్టర్‌ను తీసుకెళ్లాలి. ఊరి అధికారి చూస్తాడుగా అని ఊరుకోవద్దు. ఆయన కోడ్ చూస్తాడు, ఒక్కో ఇంటికి ఇవ్వగలిగిన సమయం తక్కువ.

న్యూజెర్సీ ఎడిసన్ వైపు ఉన్నవాళ్లకు కథ వేరు, అక్కడ బేస్‌మెంట్లు. కాంక్రీటు గోడ మీద ఉప్పు చారలు, వాటి మీద వేసిన కొత్త తెల్ల రంగు, ఫర్నేసు కాళ్లకు తుప్పు, సంప్ పంపు గుంట, సామానంతా నేలకు ఎత్తుగా పెట్టి ఉండటం, ఇవి చూడాలి. 2021 సెప్టెంబరులో ఐడా తుఫాను మిగిల్చిన వానకు ఆ రాష్ట్రంలో ఎన్నో బేస్‌మెంట్లు నిండాయి. వరద సంగతి అమ్మేవాళ్లు చెప్పి తీరాలన్న చట్టం అక్కడ 2024 నుంచి అమల్లో ఉంది. టెక్సస్ హార్వీ తుఫాను అనుభవంతో 2019లోనే వరద వెల్లడి నియమాలు గట్టి చేసింది.

ఇల్లు కొనబోతున్నవాళ్లకు నా విన్నపం ఇది. పోటీ ఎంత ఉన్నా ఇన్‌స్పెక్షన్ వదులుకుంటామని రాసివ్వకండి. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు ఒక పూట సెలవు పెట్టి మొదటినుంచి చివరిదాకా వెంట తిరగండి. అడ్డుపడకండి, అడగాల్సింది అడగండి. అమ్మేవాళ్లను క్లూ రిపోర్టు తెప్పించి ఇమ్మనండి. ఆ ఇంటి మీద ఏడేళ్ల దాకా పెట్టిన బీమా క్లెయిములు అందులో ఉంటాయి, సొంతదారుకు అది ఉచితంగా వస్తుంది. రిపోర్టు చేతికొచ్చాక లోపాల గడి ఎలాగూ చదువుతారు, దానికన్నా ముందు ఎన్‌ఐ అన్న గడి చదవండి. చూడలేకపోయినవి ఏవో, ఎందుకు చూడలేకపోయారో అక్కడ రాసి ఉంటుంది. ఆప్షన్ పీరియడ్ ముగిసేలోపు వాటిని కూడా చూపించమని అడిగే హక్కు మీకుంది.